రంగు కొట్టే గన్నూ, మా అత్తమ్మ పాలచెంబూ

ఉప్పుగూడలో మా అత్తవారింట ఒక పద్ధతి ఉండేది. ఇంట్లోకి కొత్తది ఏదొచ్చినా ముందు దానికి పాలు పడాలి. ఇత్తడి బిందె కొంటే అందులో చెంబెడు పాలు పోసి, కలియదిప్పి, తలా ఒక గుక్క పంచేవారు. బావి బక్కెట్టుకూ అంతే. కొడవలి కొంటే దాని అంచు మీద నాలుగు చుక్కలు. కోడలు వస్తే గడపలోనే గ్లాసెడు పాలు. బర్రెల పాడి మీద బతికే ఇల్లు కదా, పాలు ముట్టనిదేదీ ఈ ఇంట్లో నిలవదని మా అత్తమ్మ నమ్మకం.

నేను కాపురానికి వచ్చిన రోజు మాత్రం, సరిగ్గా నా కోసం పిండుతుండగా బర్రె తన్నింది. గిన్నె ఎగిరిపడి పాలన్నీ నేలపాలయ్యాయి. "ఏం కాదు తియ్, పొద్దుగాల ఇస్తం" అంది అత్తమ్మ. పొద్దున ఎవరికీ గుర్తు రాలేదు. నాకు మాత్రం గుర్తుంది. బావి బక్కెట్టుకు జరిగిన మర్యాద నాకు జరగలేదని ఎన్నాళ్ళు ఉడుక్కున్నానో నాకే తెలుసు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, ఆ ఇంటికి మోటార్లకు రంగు కొట్టే గన్ను వచ్చినప్పుడు పేచీ పెట్టింది ఈ పాలే.

రెండో ప్రపంచ యుద్ధం నడిచినన్నాళ్ళూ మా ఆయన ఒక కంట్రాక్టరు లారీల వెంట మిస్త్రీగా తిరిగాడు. ఇంటికి చుట్టంలా వచ్చేవాడు. గడ్డం గీయించుకుని మనిషిలా కనబడే వేళకు వీధిలో లారీ హారన్ మోగేది, మళ్ళీ మూట కట్టేవాడు. యుద్ధం అయిపోయాక పెట్రోలు కొంచెం కొంచెం దొరకసాగింది. అన్నాళ్ళూ మూలపడి ఉన్న మోటార్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఇంజన్లు ఎలాగో ఆడాయి కాని, వాటి ఒంటి మీద రంగు లేదు. పొక్కులు లేచి, పెచ్చులూడి, చూస్తే జాలేసేది.

"సొట్టలు తీసుడు నాకొస్తది. రంగు కొట్టుడు గూడ నేర్చుకుంటే ఇంటికాడనే ఉండి బతకొచ్చు" అన్నాడు మా ఆయన ఒకనాడు అన్నం తింటూ.

ఆ మాట నాకు ఎంత తీయగా వినబడిందంటే, ఆయన పప్పులో రెండోసారి నెయ్యి వేశాను. మూడోసారి కూడా వేయబోతుంటే అత్తమ్మ చూసింది.

"నెయ్యి ఆపు పిల్లా. వాడింక రంగు కొట్టలే" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "బర్రెల కొట్టం సగం ఖాళీ చేసిస్త. ఒక్క మోటరు. మంచిగొస్తే కొట్టం నీదే, ఇంటికాడనే ఉండు. రాకపోతే బర్రెలు లోపటికి, నువ్వు లారీ మీదికి. మల్ల లొల్లి వద్దు."

కొడుకు ఇంట్లో ఉండాలని ఆమెకు లేదా అంటే, ఉంది. అది నోటితో చెప్పే మనిషి కాదు. నేనూ చెప్పలేదనుకోండి. కాని నాకు ఆయన ఇంట్లో ఉండాలి. వీధిలో మిగతా కోడళ్ళు మొగుళ్ళతో పోట్లాడుతుంటే, పోట్లాడటానికైనా ఎదురుగా మొగుడు ఉన్నాడు కదా అని కుళ్ళుకునేదాన్ని.

మొదటి మోటారు వెతకనక్కరలేకుండానే దొరికింది. మా వీధి చివర రైల్వేలో రిటైరైన గార్డు ఒకాయన ఉండేవాడు. క్రైస్తవులు. ఆయనకు అగ్గిపెట్టె లాంటి చిన్న పాత మోటారు ఉండేది. దాన్ని కొత్త రంగుతో క్రిస్మస్ నాటికి చర్చి ముందు నిలబెట్టాలని ఆయన పంతం.

"పచ్చ రంగు గావాలె" అన్నాడు. "చిలకపచ్చ గాదు, మామిడాకు పచ్చ గాదు. నా జెండా పచ్చ. రైలును పొమ్మని జెప్పే పచ్చ."

ఇక మిగిలింది దేనితో కొట్టాలన్నది. కుంచె పనికిరాదని మా ఆయన మొదటే తేల్చేశాడు. కుంచెతో దర్వాజలకు వేసుకోవచ్చు, మోటారుకు వేస్తే ప్రతి గీతా కనబడుతుంది. పైగా ఆ రంగు చిటికెలో ఆరిపోతుంది, రెండో చెయ్యి తిప్పేలోపే మొదటిది పట్టేస్తుంది. పక్కింటి ఆమె దోమల మందు కొట్టే డబ్బా పిచికారీ తెచ్చి ఇచ్చింది, ఇది చాలదా అని. నీళ్ళు పోసి కొట్టి చూశాం. సన్నగా రెండుసార్లు చల్లి, మూడోసారి ఉమ్మినట్టు ముద్దగా పడింది. గార్డు సాబ్ బండి మీద ఉమ్మితే ఊరుకుంటాడా! డబ్బా ఆమెకు తిరిగి ఇచ్చేశాం.

నయాపూల్ దగ్గర మోటారు సామాన్ల దుకాణంలో అసలు గన్నులు ఉంటాయని తెలిసి, ముగ్గురం బయల్దేరాం. అత్తమ్మ ఎందుకంటే, ఆమె చెయ్యి పెట్టి చూడకుండా ఆ ఇంట్లోకి చీపురుకట్ట కూడా రాదు. నేనెందుకంటే, నేనూ వస్తానన్నాను కాబట్టి.

దుకాణం భాయ్ ఒక గన్ను తీసి గల్లా మీద పెట్టాడు. తళతళా మెరుస్తోంది. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, ఇక కింద పెట్టడు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూడలేదు.

"బఢియా మాల్ హై" అన్నాడు భాయ్. తర్వాత అత్తమ్మను అడిగాడు: "మగర్ అమ్మా, మీ దగ్గర హవా ఎంతుంది?"

"మస్తుంది బిడ్డా" అంది అత్తమ్మ గర్వంగా. "మా కొట్టం రెండు దిక్కుల తెరిపి. ఎండకాలంల గూడ బర్రెలు సల్లగ పంటయి."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. భాయ్ మాత్రం మర్యాదస్తుడు, నవ్వును మీసం కింద దాచుకుని విడమరిచి చెప్పాడు. గాలి వీచే హవా కాదు, యంత్రంతో దట్టించిన హవా. ఈ గన్ను నోరు పెద్దది, గుటగుటా హవా తాగుతుంది. కరెంటు మీద నడిచే పెద్ద యంత్రం ఉంటేనే దీని ఆకలి తీరుతుంది. మా వీధికి అప్పటికి కరెంటే లేదు. "పహలే హవా దేఖో అమ్మా, ఫిర్ గన్" అన్నాడు. ముందు హవా సంగతి చూసుకుని తర్వాత గన్ను చూసుకోమన్నాడు.

మా ఆయన వింటేగా. "సైకిలు పంపుతోనన్నా కొడత" అన్నాడు గన్ను వదలకుండా.

అత్తమ్మ అతని చేతిలోంచి గన్ను తీసి గల్లా మీద పెట్టింది. "అరేయ్, బర్రెను కొనేటప్పుడు కొమ్ములు జూస్తమా, పొదుగు జూస్తమా? ఇవి కొమ్ములు. పొదుగు యాడున్నదో సూడు పా" అని బయటికి నడిచింది. నలుగురూ నవ్వారని ఆమెకు మండిపోయిందని నాకు తెలుసు. మండిన కడుపుతోనే అంత తెలివైన మాట అంది. ఆ మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎన్ని కొనుగోళ్ళకు పనికొచ్చిందో.

పొదుగు చాంద్రాయణగుట్ట దగ్గర దొరికింది. మిలిటరీ వాళ్ళు వద్దని వదిలించుకున్న సామాను అక్కడ ఒక దడి లోపల కుప్పలుగా పోసి అమ్ముతున్నారు. బూట్లు, తాళ్ళు, డబ్బాలు, పేర్లు తెలియని ఇనుము. హవా దట్టించేవి రెండు రకాలు ఉన్నాయి. ఒకటి కాలితో తొక్కేది. రెండోది ఇనుప టాంకీ, దానికి పొడుగాటి పిడి ఉన్న చేతిపంపు, హవా ఎంత ఉందో చూపే ముల్లు. చూడటానికి టాంకీ పరమ వికారంగా ఉంది. మా ఆయన కాలితో తొక్కేదే చిన్నగా బాగుందన్నాడు.

"ఎవలు తొక్కుతరు?" అన్నాను నేను.

ఆయన నా వైపు చూశాడు. అత్తమ్మా నా వైపే చూసింది. ఆయన చేతిలో గన్ను ఉంటుంది, అత్తమ్మ ఊపిరి చుట్టకే చాలదు, ఇక మిగిలింది నేనే. అందుకని రెండూ నేనే తొక్కీ, కొట్టీ చూశాను. కాలితో తొక్కేదానికి నాలుగు తొక్కులకే చీర కుచ్చిళ్ళు చిక్కుకున్నాయి. చేతిపంపు పిడి పట్టుకుని లాగి తోస్తే, పొద్దున చల్ల చిలికే చేతులకు అది కొత్త పనే కాదు. అదే ఊపు.

"ఇదే" అన్నాను. ఆ సామాను అమ్ముతున్న అన్న నన్ను చూసి "అక్క పహిల్వాన్ ఉన్నదిగద" అన్నాడు. కోపం వచ్చింది కాని, లోపల సంతోషం కూడా వేసింది.

కొనే ముందు అత్తమ్మ తన పరీక్ష తాను పెట్టింది. బర్రెను కళ్ళముందర పిండించి గాని ఆమె బేరమాడదు. టాంకీ నిండా హవా కొట్టించి, మూత బిగించమని చెప్పి, చుట్ట వెలిగించుకుని ఎదురుగా బండరాయి మీద కూర్చుంది. "ఈ చుట్ట అయిపోయేదాక ముల్లు దిగొద్దు. దిగిందంటే పొదుగుకు బొక్కున్నట్టే." చుట్ట అయిపోయింది. ముల్లు దిగలేదు. ఆ అన్న దగ్గరే రెండు గన్నులు కూడా ఉన్నాయి. టాంకీకి తగిలించి నీళ్ళు పోసి గోనెపట్టా మీద కొట్టి చూశాం. పెద్ద నోటిది నాలుగు క్షణాల్లో హవా అంతా మింగి చీదింది. చిన్న నోటిది, గీతలు పడి మెరుపు పోయినది, నిదానంగా విసనకర్ర ఆకారంలో సమంగా చల్లింది. కొంచెం కొట్టడం, ఆగి హవా నింపుకోవడం, మళ్ళీ కొంచెం. చిన్న బండికి అది చాలు. మా ఆయన మనసు మాత్రం నయాపూల్లోనే ఉండిపోయింది.

టాంకీనీ, ఆ చిన్న నోటి గన్నునూ ఇంటికి తెచ్చాం. బర్రెలను పక్కకు జరిపి, కొట్టం కడిగి, దుమ్ము లేవకుండా నేల తడిపి, గార్డు సాబ్ బండిని లోపలికి తోశాం. మా ఆయన సిద్ధమై రంగు డబ్బా మూత తీయబోతుంటే వెనక నుంచి కేక వినబడింది.

"ఆగు!"

అత్తమ్మ పాలచెంబుతో నిలబడి ఉంది.

కొత్తది కదా మరి. గన్ను గిన్నెలో పాలు పోసింది. పోస్తే చాలదట, నోట్లోంచి బయటికి రావాలట. నేను హవా కొట్టాను, ఆయన మీట నొక్కాడు. కొట్టం నల్లరాతి గోడ మీద తెల్లటి విసనకర్ర విచ్చుకుంది. ఎంత అందంగా వచ్చిందని! వీధి పిల్లలు చప్పట్లు కొట్టారు. పిల్లి వచ్చి గోడ నాకింది. తర్వాత గన్నును మంచినీళ్ళతో కడిగేసి, రంగు పోసి, ఎడమ తలుపు నుంచి మొదలుపెట్టాం.

ఆ రంగుకు మాగిన అరటిపండు వాసన. ఎవరింట్లో గెల పండబెట్టారో అని వీధంతా ముక్కులు ఎగబీల్చింది. నిప్పు సోకితే భగ్గున మండుతుందని మా ఆయన అత్తమ్మ చుట్టను వీధి అవతలికి పంపాడు. చుట్టతో పాటు అత్తమ్మ కూడా వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ నిలబడి "ఎట్లొస్తుందిరా?" అని అరుస్తూనే ఉంది.

ఎట్లొచ్చిందంటే, తలుపు నిండా గుంటలొచ్చాయి. పచ్చటి రంగు మధ్యలో చిన్నచిన్న గుండ్రటి గుంటలు, ఒక్కొక్క దాని అడుగున పాత ఇనుము కనబడుతూ. మా ఆయన దాని మీద ఇంకో పూత కొట్టాడు. రంగు ఆ గుంటల అంచు దాకా వచ్చి, అంటుకోనని పక్కకు తప్పుకుంది.

గార్డు సాబ్ గడియారం చూసుకుంటూ వచ్చి, తలుపు చూసి, టోపీ తీశాడు. "గిదేంది? నా బండికి మశూచి వచ్చిందా?"

ఆ మాట వీధి అవతల ఉన్న అత్తమ్మ చెవిన పడింది. ఇక చూడండి. మశూచి అంటే తల్లి పోసినట్టే కదా. చుట్ట పారేసి, వేపమండలు విరుచుకొచ్చి, మోటారు అద్దానికి కట్టి, పసుపునీళ్ళు చల్లబోయింది. "బండికి పసుపునీళ్ళు వద్దమ్మా, రంగు పాడైతది" అని మా ఆయన, "పాడుగాకుంట ఏమన్న మిగిలిందా?" అని గార్డు సాబ్. అప్పుడు నవ్వలేకపోయాను కాని, వేపమండలు కట్టుకుని నిలబడ్డ ఆ మోటారు గుర్తొస్తే ఇప్పటికీ ఒంటరిగా నవ్వుకుంటాను.

"పండుగ లోపల గాకపోతే నా బండి నేను తీస్కపోత" అని చెప్పి గార్డు సాబ్ వెళ్ళిపోయాడు. మా ఆయన టాంకీ మీద కూలబడ్డాడు. "నయాపూల్ గన్నైతే గిట్ల గాకపోవు" అని గొణిగాడు. బర్రెలు బయటి నుంచి తమ కొట్టం వైపే చూస్తున్నాయి. నా కళ్ళకు లారీ కనబడింది.

ఏడుపు వస్తే నేను గిన్నెలు తోముతాను. గన్ను గిన్నె తీసుకుని బావి దగ్గర కూర్చున్నాను. దానికి అంటిన రంగును మా ఆయన రంగు కరిగించే మందుతో తుడిచేశాడు. మూత బిగించే మరలు, అదే పేచీలు, ఉన్న అంచు దగ్గర మాత్రం తుడుపు అందలేదు. నీళ్ళు పోశాను. ఆ అంచున నీళ్ళు పరుచుకోలేదు. పూసలు పూసలుగా నిలబడ్డాయి. ఆ పూసలు నాకు కొత్తవా? సరిగ్గా కడగని పాలగిన్నె ఎప్పుడూ అలాగే చేస్తుంది. మీగడ జిడ్డు పట్టి ఉంటే నీళ్ళే అంటవు, ఇక రంగేం అంటుతుంది? గోటితో గీకి వాసన చూశాను. బర్రెపాలు. మా బర్రెలవే, చిక్కటివి.

నేను కొంచెం నిదానంగా చెప్పి ఉండొచ్చు. కాని నాకు నిదానం ఎక్కడిది? గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చి అందరి ముందూ అనేశాను. "తల్లి పొయ్యలే, ఏం పొయ్యలే. పాలు పోసింది మనం. ఆ జిడ్డుకే రంగు అంటుతలేదు."

మా ఆయన కళ్ళతోనే నన్ను ఊరుకోమన్నాడు. అత్తమ్మ గిన్నె నా చేతిలోంచి తీసుకుని, అంచు మీద వేలు రాసి, ఆ వేలిని బొటనవేలితో నలిపి చూసుకుంది. పాలల్లో నీళ్ళు కలిశాయో లేదో అలాగే చూసేది. గిన్నె నాకే ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను. పాలను తప్పుపట్టిన కోడలూ, పాలను ఒల్లని పనీ ఈ ఇంట్లో నిలుస్తాయా? ఆ పూట అన్నం నాకు సయించలేదు.

తెల్లారి పెరట్లోకి వెళ్ళేసరికి అత్తమ్మ పొయ్యి మీద నీళ్ళు మరిగిస్తోంది. పక్కన కుంకుడురసం, జల్లించిన బూడిద, పీచు.

"ఏం జూస్తున్నవ్?" అంది నన్ను. "పాలగిన్నె కడుగుడు నాకు నేర్పుతవా? పట్టు ఆ గన్ను. ఎన్ని పేచీలుంటే అన్ని ఇప్పమను వాన్ని."

గన్నును ముక్కముక్కలుగా విప్పి, గొట్టంతో సహా, కుంకుడురసంలో ఉడికించినంత పని చేసింది. ఎండలో ఆరబెట్టి, మీద నీళ్ళు పోసి, పూస కట్టకుండా జారే దాకా వదల్లేదు. తలుపును మా ఆయన మళ్ళీ ఇనుము దాకా గీకి, నున్నగా రుద్దాడు. పాలు పిండిన చేత్తో ఎవరూ బండిని ముట్టవద్దని కొట్టం గుమ్మంలో అత్తమ్మే కాపలా కూర్చుంది, చుట్ట లేకుండా. ఆమె చుట్ట లేకుండా కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

నేను పిడి పట్టాను. ముల్లు లేచింది. ఆయన మీట నొక్కాడు.

"హవా!" అనేవాడు, నేను కొట్టేదాన్ని. "బస్!" అనేవాడు, ఆగేదాన్ని. తలుపు వచ్చింది. తలుపు తర్వాత రెండో తలుపు, బానెట్టు, మడ్‌గార్డులు. ఒక్క గుంట లేదు. చేతులు పీకుతున్నాయి, చెమటకు బొట్టు కారిపోయింది. పెళ్ళయ్యాక ఆయన నాతో అంతసేపు మాట్లాడింది కూడా అదే మొదలు. మాట్లాడిందల్లా హవా, బస్, రెండు మాటలే అయినా.

పండుగకు ముందే గార్డు సాబ్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. జేబులోంచి పాత పచ్చజెండా తీసి, విప్పి, బానెట్టు మీద పరిచాడు. జెండా ఎక్కడ అయిపోయిందో బండి ఎక్కడ మొదలైందో కనిపెట్టడం కష్టమైంది. తర్వాత వీధి మధ్యలో నిలబడి, ఒళ్ళు బిగబట్టి, జెండా ఊపాడు. మా ఆయన బండిని బయటికి నడిపాడు. వీధంతా రైలు కూత పెట్టింది.

ఆ వారమే కంట్రాక్టరు లారీ వచ్చి హారన్ కొట్టింది. మా ఆయన కొట్టంలో రెండో బండిని రుద్దుతున్నాడు. అత్తమ్మే బయటికి వెళ్ళింది. "మావోడు రాడు. ఇంటికాడ మస్తు పనుంది" అని చెప్పి, లారీ మలుపు తిరిగే దాకా నిలబడి చూసింది. నేను గుమ్మం వెనకే ఉన్నాను. ఏడుపు వచ్చింది, ఈసారి తోమడానికి గిన్నెలు కూడా వెతకలేదు.

ఆ సాయంత్రం మేము గన్నూ టాంకీ సిద్ధం చేసుకుంటుంటే అత్తమ్మ బర్రెల వైపు నుంచి వచ్చింది. చేతిలో పాలచెంబు. మా ఆయన గన్నును వెనక్కి దాచుకున్నాడు.

"అమ్మా, మల్ల వద్దు..."

"నీ గన్ను ఎవనికి గావాలె?" అని, ఆమె నేరుగా టాంకీ దగ్గరికి, నా దగ్గరికి వచ్చింది. చెంబు నా చేతిలో పెట్టింది. పాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి, పైన నురగ.

"ఆనాడు బర్రె తన్నింది. నాకు యాద్ లేదనుకున్నవా? తాగు. ఇవి హవాకు."

చెంబు అక్కడే ఎత్తాను. ఒక్క చుక్క కూడా మిగల్చలేదు.